దించాక అడగొద్దు

ప్రియమైన చిన్నోడికి,

ప్రతి ఆదివారం ఉత్తరం రాస్తానని మాటిచ్చింది నువ్వు. నేను అడగలేదు. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నువ్వే అన్నావు. ఇప్పటికి మూడు ఆదివారాలు పోయాయి. తపాలా అతను గేటు దగ్గర ఆగితే చాలు, నీ మేనకోడలు “అమ్మా, నీకు మందుల షాపు వాళ్ళ క్యాలెండరు వచ్చింది” అని వెక్కిరిస్తోంది. కన్న కూతురి చేత మాటలు పడాల్సి వస్తోంది నీ వల్ల.

సెల్‌ఫోన్లో మెసేజీ పెట్టుకోవచ్చు కదా అంటుంది అది. నీ మెసేజీలు నాకు తెలీవా? “ఓకే”, “సరే”, ఒక బొటనవేలు బొమ్మ. వాటితో నాకు కడుపు నిండదు. పోనీ ఫోన్ చేసి మాట్లాడదామంటే, ఇరవై ఆరేళ్ళు అంబులెన్సు కంపెనీ ఫోనెత్తిన చెవులాయె. ఊరందరి కేకలూ విని విని ఇక మావల్ల కాదన్నాయి. ఇక్కడ చెవికి కొత్త మెషిను పెట్టించారు. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పర్వాలేదు, ఫోను చెవిలో పెడితే మాత్రం ఈగల మోత తప్ప ఏమీ వినపడదు. కాబట్టి నాయనా, కాగితం, కలం. వేరే దారి లేదు.

కూతురిల్లు బాగానే ఉంది. అల్లుడు నెమ్మదైనవాడు, నేను టీవీ ఎంత గట్టిగా పెట్టినా ఏమీ అనడు. ఇక్కడికి రెండు స్టాపుల అవతల పెద్దాసుపత్రి. ఆ రోడ్డున అంబులెన్సులు పోతూనే ఉంటాయి. సైరన్ నాకు వినపడదు. సాయంత్రం గోడ మీద ఎర్రవెలుగు తిరిగితే తల తిప్పి చూస్తాను, మన బండేమోనని.

నా కుర్చీలో కూర్చున్నావిడ ఎలా ఉంది? గుర్తుల పుస్తకం వాడుతోందా? ఆ పుస్తకం విలువ ఆవిడకి నువ్వే చెప్పాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇంటి నంబరు ఎవరికీ గుర్తుండదు. నీలం తలుపనో, కుట్టుమిషన్ల కొట్టు పక్కననో చెప్తారు. అందుకే కదా నాలుగు పేటల ఇళ్ళన్నీ గుర్తులతో సహా రాసిపెట్టాను! గేటుకి రంగేసినా, కొట్టు బోర్డు మార్చినా జనం మన ఆఫీసుకొచ్చి మరీ చెప్పి వెళ్ళేవాళ్ళు, “అమ్మా, రాసుకో, ఇప్పుడు మాది ఆకుపచ్చ” అని. పుస్తకంలో ఇల్లెక్కడం వాళ్ళకో గొప్ప. దాని మీద టీ గ్లాసు పెడితే వీపు విమానం మోత మోగిస్తానని మన డ్రైవరు నత్తకి చెప్పు. ఎంత ఎమర్జెన్సీ అయినా రోడ్డు మీద గుంత కనపడితే దానికో నమస్కారం పెట్టి మరీ దాటే మనిషికి టీ తాగడంలో మాత్రం ఎక్కడ లేని తొందర.

ఉత్తరం రాయి. రాయకపోతే నేనే బస్సెక్కుతాను.

కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. మేమంతా బాగున్నాం. నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. నీ కుర్చీలో కూర్చునే ఆవిడ మంచిదే, గొంతు నెమ్మది. వచ్చిన రోజే కుర్చీ ఎత్తు తగ్గించుకుంది. మూడో నంబరు బండికి కొత్త స్ట్రెచరు వచ్చింది, చక్రాలు కీచుమనవు.

రాయడానికి ఇంకేం లేదు.

అబద్ధమెందుకు, ఉంది. నేను బండి నడపడం మానేశానక్కా. ఉద్యోగం వదిలేస్తానని పెద్దాయనకి కాగితం కూడా ఇచ్చేశాను. ఆయన విప్పి చూడకుండానే టేబులు సొరుగులో పడేసి, “కంపెనీ నాది కాబట్టి నెలాఖరు దాకా ఇది ఇక్కడే ఉంటుంది. ఈలోగా గ్యారేజీలో టైర్లు చూసుకో” అన్నారు. టైర్లు చూసుకుంటున్నాను.

నువ్వెళ్ళిన రెండో వారంలో, మంగళవారం పొద్దున ఒక కాల్ వచ్చింది. ఆడమనిషి, ఛాతీ నొప్పి. నేను దారి తప్పాను. పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. ప్రాణంతోనే మన ఆసుపత్రిలో దించాను. గురువారం ఇంకో పేషెంటుని తీసుకెళ్ళినప్పుడు, చూడకూడదనుకుంటూనే ఆ వార్డులోకి చూశాను. మంచం ఖాళీ. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. నర్సుని అడగలేదు. మన దగ్గర ఆ పద్ధతి లేదు కదా. అడగాల్సిన అవసరం కూడా కనపడలేదు.

ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు నా చేత పలక నిండా రాయించావు. ఇప్పుడు తెలిసింది నాకు ఆ మాటకి అర్థం.

దీని గురించి ఇక అడగొద్దు.

ఇట్లు
నీ తమ్ముడు

*

నా బంగారు తమ్ముడికి,

అడగొద్దంటే మానేదాన్నా నేను? ఇరవై ఆరేళ్ళు అడగడమే నా ఉద్యోగం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి అక్షరాలు కనపడలేదు. నువ్వు ఒక్కడివీ ఆ గ్యారేజీలో టైర్ల మధ్య కూర్చుని ఇన్నాళ్ళూ ఇది మింగుతున్నావా? నేను ఇక్కడ ఉత్తరం రాలేదని నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నానా? నా నోరు పడిపోను. ఎదురుగా ఉంటే నిన్ను దగ్గరికి లాక్కునేదాన్ని, ఆ తర్వాత ఒకటిచ్చేదాన్ని.

ఇప్పుడు విను. ఏడుపు తర్వాత, ముందు అడ్రసు. ఫోన్లో అందరికీ అదే చెప్పేదాన్ని, నీకూ అదే. ఏ పేట? వాళ్ళు ఏ గుర్తు చెప్పారు? నువ్వెక్కడ తిరిగావు? ముందేం కనపడింది, వెనకేం అడ్డమొచ్చింది? నాకు వరసగా రాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో బండి తిప్పుతున్నవాడివి, ఊరికే దారి తప్పవు. నీకు బూట్ల లేసు కట్టడం నేర్పింది నేను. నీ గొంతులో ఇంకేదో అడ్డుపడి ఉందని నాకు తెలీదనుకోకు.

తిరుగు టపాలో జవాబు రావాలి.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

సరే, రాస్తాను. నీతో పడలేను.

ఆ రోజు నత్త తన బండిని ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్ళాడు. అందుకని అతని పేట కాల్ నాకొచ్చింది. ఆ వైపు నేను తక్కువ తిరుగుతానని నీకు తెలుసు. వెనక సూది ఉంది. ఇంజెక్షన్లిచ్చే మన సూదే, ఇంకా అదే పనిగా బబుల్‌గమ్ నములుతూనే ఉంది. సైకిలు షాపు ఎదురు సందు, నీలం తలుపు. ఇదీ గుర్తు. సైకిలు షాపు కనపడింది, ఎదురు సందులోకి తిప్పాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా నీలం తలుపన్నది లేదు. సందు చివర గోడ.

వెనక్కి వద్దామనుకునేసరికి ఒక లారీ వచ్చి సందు మొదట్లో ఆగింది. ఎవరో ఇల్లు మారుతున్నారు. బీరువా సగం దిగి సగం పైన ఉంది. నేను సైరన్ వేశాను. వాళ్ళు హడలిపోయి బీరువా వదిలేశారు, అది సందుకి అడ్డంగా పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. నేనూ సూదీ దిగి వాళ్ళతో పాటు మోశాం. సూది బబుల్‌గమ్ మింగేసింది. ఇంకోసారైతే నవ్వేవాళ్ళం.

పక్క సందులో ఉంది ఇల్లు. ఆవిడ నీలం తలుపు ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. చెమటలు పట్టి మొహం బూడిద రంగులో ఉంది. భర్త ఒక ఫైలు అట్టతో విసురుతున్నాడు. నన్ను చూసి ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. తిడితే బాగుండేది. దారి పొడుగునా నేను కిటికీ సందులోంచి “క్షమించండమ్మా, క్షమించండమ్మా” అంటూనే నడిపాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

అంతే. ఎవరి తప్పూ కాదు, నాదే. సరిగ్గా చూసుకోలేదు. గుర్తుల పుస్తకం ఆ రోజు బండిలో లేదు, దాని సంగతి వదిలేయ్.

తాళం చెవి పెట్టి కూడా తిప్పలేకపోతున్నానక్కా. మొన్న నీ మరదలు స్కూటరు మీద బజారుకి దింపమంటే నడిచి వెళ్దాం అన్నాను. సరేనని నాతో పాటు నడిచింది, రానూ పోనూ. అది ఇంకా కష్టంగా ఉంది.

నీ తమ్ముడు

*

ఒరేయ్ గుమ్మడికాయల దొంగా, నా ప్రియమైన తమ్ముడా,

నేను పుస్తకం మాట ఎత్తానా? ఎత్తలేదే! నువ్వే భుజాలు తడుముకున్నావు. ఆ పుస్తకం ఎక్కడుందో చెప్పనా? మీ ఇంట్లో, నీ బట్టల అరలో, అడుగున. ఎవరూ చూడకుండా పట్టుకుపోయి దాచావు. ఆ పేజీలో “సైకిలు షాపు ఎదురు సందు, నీలం తలుపు” అని నా చేతిరాతతో ఉంది కాబట్టి.

నీ ఉత్తరంలో ఆ మాట చదవగానే ఒక సంగతి గుర్తొచ్చింది. లేచి నా చేతిసంచీ బోర్లించాను. పాత కళ్ళజోడు పెట్టెలో, జోడు కింద మడిచిన చీటీ దొరికింది. “అమ్మా, మన సైకిలు షాపుని పక్క సందు ఎదురుగా ఉన్న గదుల్లోకి మార్చాను, పుస్తకంలో దిద్దుకోవాలి.” సైకిలు షాపతను రాసి తెచ్చాడు. నాకు సరిగా వినపడదని తెలిసి, పాపం, రాసి మరీ తెచ్చాడు. ఎప్పుడో తెలుసా? నా ఆఖరి రోజున. మీరంతా నాకు వీడ్కోలని కేకు తెచ్చారే, పెద్దాయన మాట్లాడబోయి ముక్కు చీదుకున్నారే, ఆ గంటలో. తర్వాత రాద్దామని కళ్ళజోడు పెట్టెలో పెట్టాను. ఇరవై ఆరేళ్ళలో ఏ చీటీనీ తర్వాతకి వదల్లేదు. ఆ ఒక్క రోజు కేకు తిన్నాను.

దిద్ది ఉంటే ఫోను దగ్గర ఆవిడ నీకు సరైన సందు చెప్పేది, కాబట్టి ఆ పదకొండు నిమిషాలూ నావి. నీవి కావు. అది నువ్వు మొదటి రోజే తెలుసుకున్నావు, నాకు తెలియకూడదని ఉద్యోగం వదులుకోవడానికి కూడా సిద్ధపడ్డావు. ఎంత పిచ్చివాడివిరా! అక్కని కాపాడుతున్నాననుకున్నావు. నీకు వచ్చిన కష్టంలో నాకు వాటా లేకుండా చేశావు, అంతే.

ఇంకో సంగతి. మంచినీళ్ళ ఫిల్టరు పైన గోడకి అంటించి ఉంటుందే, “దించాక అడగొద్దు” అని, ఆ కాగితం రాసింది కూడా నేనే. మొదటి రెండేళ్ళూ ప్రతి కాల్ తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసేదాన్ని, ఏమైందని. మంచి కబురు వస్తే ఆ పూట గడిచేది, చెడు కబురు వస్తే వారం పోయేది. అప్పట్లో ఒక డ్రైవరు ఇలాగే అడిగి అడిగి, మనిషి కుంగిపోయి మానేశాడు. మన పని తీసుకెళ్ళి దించడం వరకే, ఆ తర్వాతది డాక్టర్లదీ దేవుడిదీ, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని ఆ కాగితం అంటించాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మంచిదే చేశాననుకున్నాను ఇన్నేళ్ళూ.

కానీ ఆసుపత్రి మంచం ఖాళీ అవడానికి చావొక్కటే కారణమా? ఇంటికెళ్ళొచ్చు. ఇంకో వార్డుకి మార్చొచ్చు. ఇంకో ఊరికి పంపొచ్చు. నువ్వు అడగలేదు కాబట్టి నీకు తెలీదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒక నెలగా మోస్తున్నావు. నేను అడుగుతాను. నియమం పెట్టింది నేనే, తప్పేదీ నేనే. ఆ వారం ట్రిప్పుల రిజిస్టరు పేజీలు పంపమని ఫోను దగ్గర ఆవిడకి వేరే ఉత్తరం రాశాను.

ఏది తెలిసినా ఇద్దరం కలిసే వింటాం.

తప్పు చేసిన
నీ అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాయలేదని అనుకోకు, తొందరలో రాస్తున్నాను.

వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు. వాళ్ళింటికి ఉత్తరం రాసో, మనిషిని పంపో ఏమని అడుగుతావు? “మా వల్ల మీ మనిషి పోయిందా?” అనా? ఆయన చేతిలో ఆ ఫైలు అట్ట నాకు ఇప్పటికీ కనపడుతుంది. ఇప్పుడైతే నూటికి ఒక్క వంతు, బతికుందేమోలే అనుకోవడానికి వీలుంది. రాత్రి ఆ ఒక్క వంతు పట్టుకునే పడుకుంటున్నాను. నువ్వు అడిగితే అది కూడా పోతుంది.

పుస్తకం నా బట్టల అరలో లేదు. బియ్యం డబ్బా వెనక ఉంది.

నెలాఖరు వచ్చే గురువారం. బండి తాళం చెవి కొక్కేనికి తగిలించేశాను.

నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

ముందు కూర్చో. కూర్చున్నావా? ఆవిడ బతికే ఉంది.

బతికే ఉందిరా! ఈ ఉదయం నా కళ్ళతో చూశాను, చెయ్యి పట్టుకున్నాను. నన్ను తిట్టింది కూడా. ఇప్పుడు వెళ్ళి ఒకసారి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మిగతాది చదువు. నేనూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని అదే పని చేశాను. నా వాళ్ళెవరో పోయారనుకుని వాచ్‌మన్ గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. “కాదు బాబూ, బతికింది” అంటే నన్ను ఎగాదిగా చూసి, మంచిదమ్మా అని వెళ్ళిపోయాడు.

వరసగా చెప్తాను. నీ ఉత్తరమూ, రిజిస్టరు పేజీలూ ఒకే రోజు అందాయి. నీ ఉత్తరం చదివాక ఆ కవరు విప్పాలా వద్దా అని గంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీ ఒక్క వంతు తీసేయడానికి నాకేం హక్కుంది అనిపించింది. మళ్ళీ, ఆ ఒక్క వంతుతో ఇరవై ఏళ్ళు ఎలా పడుకుంటాడు వీడు అనిపించింది. విప్పేశాను. నన్ను క్షమించకు, అవసరం లేదు.

మంగళవారం పేజీలో నీ ట్రిప్పు. గురువారం పేజీలో నత్త ట్రిప్పు. అదే ఆసుపత్రి, అదే వార్డు, అదే పేరు, గుండె జబ్బు, “ఆపరేషను కోసం పెద్దాసుపత్రికి మార్పు”. నువ్వు ఖాళీ మంచం చూసి వచ్చిన రోజే! మన బండే తీసుకెళ్ళింది, మన రిజిస్టరులోనే రాసి ఉంది. నువ్వు టైర్లు తుడుస్తుంటే ఆ పేజీ నీకు పదడుగుల దూరంలో అల్మారాలో ఉంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. మనం ఆ వెతకడం కూడా చెయ్యలేదు. వెతకొద్దని గోడకి కాగితం అంటించింది నేనాయె. నత్తని ఏమీ అనకు. ఆవిడ నీ పేషెంటని అతనికి తెలీదు. నువ్వు చెప్పలేదు, అతను అడగలేదు.

ఎక్కడికి తీసుకొచ్చాడనుకున్నావు? మా ఇంటికి రెండు స్టాపుల అవతలికి. నేను గోడ మీద ఎర్రవెలుగు చూసి మన బండేమో అనుకున్న సాయంత్రాల్లో ఒకటి నిజంగా మన బండేరా.

రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం. నేను వెళ్ళి, ఫలానా అంబులెన్సు కంపెనీలో ఫోనెత్తినదాన్ని అని చెప్పి, చీటీ చేతిలో పెట్టి, జరిగింది మొత్తం చెప్పాను. ఆవిడ చీటీ చదివి, “మీరెందుకమ్మా ఏడుస్తారు? ఫోన్ చేసింది నేను. మావారికి కంగారులో మా తలుపు రంగు కూడా గుర్తుకు రాదు. షాపు మారిందని తెలిసి కూడా సైకిలు షాపు ఎదురు సందు అని చెప్పింది నేనే. ఇరవై ఏళ్ళుగా నోటికి అలవాటు” అంది. నా తప్పంటాను నేను, కాదు నాదంటుంది ఆవిడ. ఇద్దరం పోట్లాడుకుంటుంటే నర్సు వచ్చి ఇది ఆసుపత్రా చేపల బజారా అని కసిరింది. మామూలుగా తప్పు ఎవరి గుమ్మంలో పడ్డా మాది కాదు పొమ్మంటారు. దీనికి చూడు, ముగ్గురు సొంతదార్లు.

నీకు అబద్ధం చెప్పను. గుండెలో ఒక పక్క కాస్త బలహీనపడిందట. మెట్లు ఎక్కకూడదు, బరువులు ఎత్తకూడదు. ఆ పదకొండు నిమిషాల వల్లేనా అని డాక్టరుని నేనే అడిగాను. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, ఎవరూ చెప్పలేరు అన్నాడు. అది మనం మోయాల్సిందే, నువ్వు సగం, నేను సగం. కానీ ఆపరేషను బాగా జరిగింది, మధ్యలో జ్వరం వచ్చి ఆలస్యమైంది, లేకపోతే ఈపాటికి ఇంట్లో ఉండేది. మనిషి నడుస్తోంది, తింటోంది, పక్క మంచాల వాళ్ళందరికీ సలహాలిస్తోంది.

ఆవిడ పనేమిటో తెలుసా? డ్రైవింగు స్కూలు నడుపుతుంది! “కళ్ళు మూసుకుంటే మాత్రం కాళ్ళు ఊరుకుంటాయా? వెనక పడుకుని నేనూ క్లచ్ తొక్కుతూనే ఉన్నాను. మీ తమ్ముడు మలుపుల్లో గేరు ఆలస్యంగా మారుస్తాడు. రెండోసారి తీసుకొచ్చినాయన నడిపితే గ్లాసులో నీళ్ళు కదలవు” అంది. నత్తకి ఇది చెప్పకు, పట్టలేం.

తర్వాత తనే అడిగింది. “అతనెలా ఉన్నాడు? దారంతా క్షమించమంటూనే ఉన్నాడు. నా మూతికి మాస్కు పెట్టారు, ఊపిరి లేదు. లేకపోతే ‘సర్లే, రోడ్డు చూడు’ అనేదాన్ని. అనలేకపోయానే అని ఇన్నాళ్ళూ మనసులో ఉంది.”

బండెక్కడం మానేశాడని చెప్పాను. వెనక్కి వాలి ఉన్న మనిషి లేచి కూర్చుంది. “భయపడ్డవాళ్ళని మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోబెట్టడమే నా వృత్తి. శనివారం నన్ను ఇంటికి పంపుతున్నారు. మీ కంపెనీ బండే రావాలి, అతనే నడపాలి, నేను ముందు సీట్లో కూర్చుంటాను.” డాక్టరు దగ్గర ఒప్పించుకుంది కూడా. పెద్దాయనకి ఆవిడే ఫోన్ చేసింది, నా పక్కనే కూర్చుని.

కాబట్టి కొక్కేనికి ఉన్న తాళం చెవి తీసుకో. బియ్యం డబ్బా వెనక ఉన్న పుస్తకం బయటికి తియ్యి, ఆ పేజీ నువ్వే దిద్దు. గోడ మీది కాగితం పీకేయ్, నా మాటగా.

గుండె మీది బండ దిగిన
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరంలో మొదటి లైను చదివి నేను కూర్చోలేదు, కూలబడ్డాను. నీ మరదలు పరిగెత్తుకొచ్చింది. చేతిలో కాగితం లాక్కుని తను చదివి, నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ తర్వాత చెప్పులేసుకుని, “స్కూటరు తియ్యండి, బజారుకెళ్దాం” అంది. కొనడానికేమీ లేదు. ఊరికే ఒక చుట్టు తిరిగి వచ్చాం.

గోడ మీద కాగితం తీశాను. అక్కడ మాత్రం గోడ తెల్లగా ఉండిపోయింది. ఫోను దగ్గర ఆవిడ వారానికోసారి ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంటానంది. వినాలనుకున్నవాళ్ళు వింటారు, వద్దనుకున్నవాళ్ళు బయట టీ తాగుతారు. మొదటిసారి అందరూ బయటే నిలబడ్డారు, కానీ కిటికీ దగ్గర.

శుక్రవారం పెద్దాయన దగ్గరికి వెళ్ళి నా కాగితం నాకిచ్చేయమన్నాను. సొరుగు తీశారు. దాని మీద స్టేప్లరు, రెండు పాత తాళాలు ఉన్నాయి. చదివారా అని అడిగాను. “కళ్ళజోడు నెల్లాళ్ళుగా దొరకట్లేదయ్యా” అన్నారు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.

ఇక శనివారం. నిన్ను ఆసుపత్రి గుమ్మం దగ్గర చూశాను. నువ్వు నా చొక్కా గుండీ సరిచేసి పంపావు, అదే చాలు. వెనక సూదీ నత్తా కూర్చున్నారు. నత్తకి డ్యూటీ లేదు, ఊరికే వచ్చాడు. ఆవిడ ముందు సీట్లో దిండు పెట్టుకుని కూర్చుని, బెల్టు పెట్టుకుని, అద్దాలు తనకి నచ్చినట్టు సర్దింది. నా అద్దాలే! బండి తీశాను. ఆగిపోయింది. మళ్ళీ తీశాను, మళ్ళీ ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ డ్రైవర్ని అక్కా, మూడుసార్లు! నాలుగోసారికి చెమట కారుతోంది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, “తొందరేం లేదు, నేను బతికే ఉన్నాగా” అంది. వెనక సూది గట్టిగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. బండి కదిలింది.

రెండు గంటల దారి. మలుపు వచ్చిన ప్రతిసారీ ఆవిడ ఎడమకాలు కింద చప్పుడు చేస్తూనే ఉంది. గేరు, గేరు అంటూనే ఉంది. మన ఊళ్ళోకి వచ్చాం. సైకిలు షాపు కనపడింది. నేను దాటించి పోబోతుంటే, “ఇక్కడే తిరుగు” అంది.

“ఇది కాదమ్మా, మీది పక్క సందు.”

“నా ఇల్లు నాకు తెలీదా? తిరుగు.”

తిప్పాను. అదే సందు, చివర అదే గోడ. గోడ దాకా వెళ్ళి ఆపమంది. ఇంజను కూడా ఆపమంది. సందులో ఒకామె బట్టలు ఆరేస్తోంది, పిల్లి ఒకటి మెట్ల మీద పడుకుని ఉంది. లారీ లేదు, బీరువా లేదు. చాలా మామూలు సందు. “ఇక వెనక్కి తియ్యి. నెమ్మదిగా” అంది. తీశాను. అద్దంలో చూసుకుంటూ, తడబడకుండా.

పక్క సందులోకి తిరుగుతుంటే నాకు ఆగలేదు. ఆవిడ వైపు తిరిగి, ఈసారి మొహం చూస్తూ, “క్షమించండమ్మా” అన్నాను.

“సర్లే, రోడ్డు చూడు” అంది.

చూశాను. నీలం తలుపు తీసే ఉంది. మెట్టు మీద ఆవిడ భర్త చెయ్యి ఊపుతూ నిలబడి ఉన్నాడు.

రోడ్డే చూస్తున్న
నీ తమ్ముడు